బుధవారం చెయ్యని ఫోను

పోయిన నెల ఇక్కడ సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలోని కళ్లజోళ్ల కొట్టుకు వెళ్లాను. యాభైకి దగ్గరపడేసరికి చిన్న అక్షరాలు నామీద అలిగాయి, వాటిని బతిమాలడానికి. అక్కడి అమ్మాయి నా ముక్కు మీద బరువైన ఇనుప చట్రమొకటి పెట్టి, పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పుతూ, "ఇది బాగుందా ఆంటీ, అది బాగుందా?" అని అడగసాగింది. చక్రం తిరిగినప్పుడల్లా టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు. గోడమీది అక్షరాలను ఎప్పుడో వదిలేసి నేను ఆ చప్పుళ్లు లెక్కపెడుతున్నాను. పది కాగానే, "ఇప్పుడు వెనక్కి పది తిప్పు, మొదటి చోటికే వస్తుందో లేదో చూద్దాం," అన్నాను. ఆ అమ్మాయి నా కళ్లకే కాదు, బుర్రకి కూడా పరీక్ష కావాలేమో అన్నట్టు చూసింది. ఏం చెప్పను? ఆ మాట నాది కాదు, అప్పలసామి అంకుల్‌ది. ఆయన పోయి పదిహేనేళ్లు దాటినా నా నోట్లోంచి అప్పుడప్పుడు ఆయనే మాట్లాడతారు.

అప్పలసామి అంకుల్ గురించి చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి. వేటగాళ్లు తుపాకి మీద బిగించుకునే దుర్భిణి ఉంటుంది, స్కోపు అంటారు. దూరంగా కొండ అవతలి వాలులో ఉన్న జంతువు అందులోంచి చూస్తే చెయ్యి చాస్తే అందేలా కనబడుతుంది. ఆంగ్ మో కియో పారిశ్రామికవాడలో నేను చేరిన కంపెనీ అలాంటి స్కోపులను బయటి దేశాలనుంచి తెప్పించి, పరీక్షించి, ఆస్ట్రేలియాకీ న్యూజీలాండ్‌కీ పంపేది. తమాషా ఏమిటంటే సింగపూర్‌లో తుపాకి అనేది పోలీసుల నడుముకి తప్ప మామూలు మనిషి చేతిలో కనబడదు. వేట లేదు, వేటాడే అడవీ లేదు. మా కంపెనీలో ఎవరూ జన్మలో ఒక్క తూటా కాల్చిన పాపాన పోలేదు. అయినా మూడు వందల గజాల అవతల ఆ తూటా ఎక్కడ తగలాలో తేల్చేది మా మూడో అంతస్తులోని ఒక పొడవాటి గది, అందులోని ఒక్క మనిషి.

ఆయన పూర్వీకులు శ్రీకాకుళం వైపునుంచి మలయా రబ్బరుతోటలకి కూలికి వచ్చారు. ఆయన పెరాక్‌లోని తోటలోనే పుట్టి పెరిగి, పెళ్లయ్యాక సింగపూర్ చేరారు. శ్రీకాకుళం ఎలా ఉంటుందో ఆయన చూడనే లేదు గాని ఆయన నోట్లో శ్రీకాకుళం మాత్రం చెక్కుచెదరలేదు. దానికి కాస్త తమిళం, కాస్త మలయ్ కలిసి ఆయన తెలుగు ఆయనకే ప్రత్యేకం. నేను ఆదోని పిల్లని. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే విన్నవాళ్లు మాది ఒకే భాష అని చెబితే నమ్మేవాళ్లు కాదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే గోల ముగిసి, ప్రతి కిరాణా కొట్టూ ఇంటర్నెట్‌లో అంగడి తెరవాలని ఉవ్విళ్లూరుతున్న రోజులవి. బుకిట్ బటోక్ అనే పేటలో ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాటులో ఉండేదాన్ని. ఇరవైనాలుగేళ్ల వయసు, కంప్యూటరు చదువు, విదేశంలో ఉద్యోగం. ఇన్ని ఒక్కసారే దొరికితే కళ్లు నెత్తికెక్కకుండా ఎలా ఉంటాయి? మా యజమాని మిస్టర్ లిమ్ నన్ను తీసుకున్నదే వెబ్‌సైటు కట్టడానికి. అందులో ముఖ్యమైన పుట, "మీకు తగిన స్కోపు." కొనేవాడు నాలుగు ప్రశ్నలకి జవాబివ్వాలి: ఎంత దూరం కాలుస్తారు, ఏ జంతువుని, ఎలాంటి వెలుతురులో, ఎంత ఖర్చు పెట్టగలరు. నా ప్రోగ్రాము ఆలోచించి సరైనదేదో చెబుతుంది. స్కోపు అంటే ఏమిటో నాకే తెలియదన్న సంగతి ఆ ప్రోగ్రాముకి తెలియదు కదా. దూరం ఎక్కువైతే పెద్దదిగా చూపించేదాన్ని సిఫారసు చేయమని రాసి పడేశాను.

అది చూపించడానికి మొదటిసారి అంకుల్ గదికి వెళ్లాను. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, జేబులో పెన్సిలు. నేలలో పాతిన ఇనుప దిమ్మకి ఒక స్కోపుని బిగించి, ఒంటికన్నుతో అందులోకి చూస్తున్నారు. గదికి అవతలి చివర గోడమీద గళ్ల కాగితం.

"ఏటమ్మా, పెద్దగా కనబడితే మంచిదేనేటి?" అన్నారు నేను తెచ్చిన కాగితం చదివి.

"దూరంగా ఉండేది దగ్గరగా కనబడల్ల కదా అంకుల్. అంతకంటే ఏం కావల్ల?"

ఆయన నన్ను స్కోపు ముందు కూర్చోబెట్టారు. పైనున్న బొత్తాన్ని పది టిక్కులు పైకి, పక్కదాన్ని పది కుడికి, మళ్లీ పది కిందికి, పది ఎడమకి తిప్పించారు. స్కోపు లోపల గురి చూపించే అడ్డం నిలువు గీతలు గోడమీది కాగితంలో ఒక చదరం చుట్టి బయలుదేరిన చుక్క దగ్గరికే వచ్చి ఆగాయి. చిన్నపిల్లలా సంబరపడ్డాను. అప్పుడాయన రబ్బరు సుత్తి తీసుకుని దాని నెత్తిన ఠపీమని ఒకటిచ్చారు. నేను ఎగిరిపడ్డాను. "ఇప్పుడు సూడు," అన్నారు. గీతలు వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉన్నాయి.

"అంతేనా, కొంచెమే కదా!"

"ఇక్కడ కొంచెమే. మూడొందల గజాల అవతల అది మూరెడు. గుండెకి తగలాల్సింది కాలికి తగులుద్ది. అది సావదు, కుంటుకుంటా పొదల్లోకి ఎలిపోద్ది. వేటగాడు కొండెక్కుతాడు, రాయికి కొట్టుకుంటాడు, జీపులో కుదుపులు. అన్ని దెబ్బలు తిన్నాక కూడా పెట్టిన సోటనే నిలబడేదే మంచి స్కోపు. ఎంత పెద్దగా సూపిస్తాదన్నది తరవాత మాట."

ఆయన పద్ధతి అదీ. ప్రతి స్కోపుకీ మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు పరీక్ష. చదరం చుట్టించడం, సుత్తి దెబ్బ, మళ్లీ చదరం. తర్వాత గోరువెచ్చని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడడం. మూడుసార్లూ నెగ్గితే దాని కార్డుమీద పెన్సిలుతో సంతకం. తప్పిందని తేలితే ఎర్ర గీత. ఏదీ తేలక అనుమానం మిగిలితే కార్డు ఖాళీగా ఉంచి, స్కోపుని తన వెనక అల్మారాలో పెట్టేసేవారు. అనుమానం ఉంది కదాని ఎర్ర గీత పెట్టడం ఆయన దృష్టిలో అన్యాయం. "దాని తప్పు రుజువు కాకండా తప్పని ఎలాగ రాస్తాను?" అనేవారు. ఖాళీ కార్డు అంటే ఇంకా అమ్మకూడదని. ఇది ఆ అంతస్తులో పెట్టెలు కట్టేవాళ్లతో సహా అందరికీ తెలుసు. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అంతే.

ఆ తర్వాత నేను రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకి ఆయన గదికే చేరేదాన్ని. "మాకన్ ఆచ్చా?" అని అడిగేవారు. మాకన్ మలయ్‌లో తిండి, ఆచ్చా అంటే తమిళంలో అయిందా అని. కాలేదంటే తన డబ్బాలోంచి చేపల పులుసు సగం నా మూతలోకి ఒంపేసేవారు. నేనేమో కోపిష్టిదాన్ని. మిస్టర్ లిమ్ మీద, ఇంట్లో గిన్నెలు కడగని అమ్మాయిల మీద, బస్సు మీద, వాన మీద రోజుకొక ఫిర్యాదు తెచ్చేదాన్ని. ఆయన అన్నీ విని, "సరి సరి, పులుసు సల్లారిపోతంది," అనేవారు. ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చిన రోజుల్లో ఆ గది లేకపోతే నేను టిక్కెట్టు కొనుక్కుని ఆదోని వెళ్లిపోయి ఉండేదాన్ని.

ఆయన మూడు వారాల సెలవు పెట్టి పెరాక్‌లో చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లిన సమయంలో నేను కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. ఎర్ర గీత ఉన్నవాటికి "వద్దు" అని, మిగిలినవన్నిటికీ "సరే" అని కొట్టుకుంటూ పోయాను. సంతకం ఉన్నవీ ఖాళీగా ఉన్నవీ ఒకే గంపలో పడ్డాయి. ఖాళీ కార్డు గురించి నాకు తెలియదా అంటే, తెలుసు. ఆయన చెబితే విన్నాను. కానీ ప్రోగ్రాము రాసేటప్పుడు మా చదువులో అలవాటు వేరు. ఫిర్యాదు ఏదీ లేని గడి అంటే ఇబ్బంది లేదనే. విన్నది ఒక చెవిలో ఉంది, అలవాటు వేళ్లలో ఉంది, వేళ్లే నెగ్గాయి.

వెబ్‌సైటు తెరిచిన వారంలోనే మొదటి ఆర్డరు వచ్చింది. న్యూజీలాండ్‌లో గొర్రెలు పెంచుకునే ఒక రైతు. నా ప్రోగ్రాము ఆయనకొక స్కోపుని ఎంచి, పెట్టె నంబరుతో చీటీ అచ్చేసింది. అంకుల్ ఊళ్లో లేరు. పెట్టెలు కట్టే అతను చీటీలో ఉన్న నంబరుని వెతికి, అల్మారాలో దొరికితే తీసి పంపేశాడు. కంప్యూటరు చెప్పిందంటే అంకుల్ సంతకం అయిందనే అనుకున్నాడట. అనుకోడూ మరి?

అంకుల్ పెళ్లినుంచి తిరిగొచ్చిన రోజు మంగళవారం. ఆ సాయంత్రమే ఆ రైతు నుంచి ఈమెయిలు వచ్చింది. స్కోపు అందిందనీ, బిగించి మూడు తూటాలు కాల్చి చూస్తే గురి చక్కగా ఉందనీ, గురువారం మధ్యాహ్నం కూతుర్ని తీసుకుని కొండల్లోకి దుప్పి వేటకి బయలుదేరుతున్నాననీ రాశాడు. కూతురికి పదహారేళ్లు. తండ్రితో వేటకి వెళ్లడం అదే మొదలట. మిస్టర్ లిమ్ ఆనందం పట్టలేక కేకు తెప్పించి, అందర్నీ పిలిచి ఆ ఈమెయిలు పైకి చదివించారు. చదివింది నేనే, మహా గర్వంగా. పెట్టె నంబరుతో సహా చదివాను. చప్పట్లు కొట్టనిది అంకుల్ ఒక్కరే. కేకు ముక్క బల్ల మీద పెట్టేసి తన గదిలోకి వెళ్లారు.

వెనకే వెళ్లాను. అల్మారా ముందు నిలబడి ఖాళీ అయిన చోటు చూస్తున్నారు.

"ఇక్కడున్నదే నువ్వు పంపినావు, అమ్మాయ్. రెండు పరీక్షలు నెగ్గింది. మూడోదాంట్లో దెబ్బ కొట్టినాక కొంచెం జరిగినట్టు నాకు కనబడింది. నా కన్ను తప్పేమో, పెళ్లికి ఎల్లొచ్చి మళ్లీ సూద్దామని ఉంచినాను."

"మరి మూడు తూటాలు బాగా కొట్టినాడంట కదా?"

"ఇంటికాడ బల్లమీద పెట్టి కొట్టుంటాడు. అది దెబ్బ తగలకముందు బాగానే ఉంటాది. ఆ సంగతి ఆడికి సెప్పాల. పాత స్కోపేదో ఉంటాది కదా, అది బిగించుకుని ఎల్లమని సెప్పు. ఇయ్యాల అక్కడ పొద్దుపోయింది. రేపు పొద్దున్నే ఫోను సెయ్యి. నంబరు నీకాడుంది."

"మీరే చేయకూడదా అంకుల్? మీకైతే బాగా తెలుసు."

"పంపింది నువ్వు గదా తల్లీ," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. జరిగింది అది, అంతే.

ఇక్కడినుంచి రాయడం నాకు కష్టం. అయినా రాస్తాను. మిస్టర్ లిమ్‌కి చెప్పకుండా ఫోను చేయడం ఎందుకని బుధవారం పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్లాను. గురువారం మా వెబ్‌సైటులో డబ్బు పెట్టే ఆలోచన ఉన్న పెద్దమనుషులు వస్తున్నారు. వాళ్లకి చూపించబోయేది ఈ మొదటి ఆర్డరునే, ఈ ఈమెయిలునే. ఆయన నా మాట పూర్తిగా వినకుండానే, "తప్పని తేలిందా? తేలలేదు కదా లా. అనుమానమే కదా. శుక్రవారం తీరిగ్గా ఈమెయిలు పెడదాం," అన్నారు, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే "లా"తో సహా. ఆపైన నవ్వుతూ, నా ఉద్యోగ అనుమతి పొడిగింపు కాగితాలు తన బల్లమీదే ఉన్నాయని, వచ్చే వారం సంతకం పెడతాననీ చెప్పారు. బెదిరించారని అనలేను. ఆయన మామూలుగా అన్నా నేను అలా విన్నానేమో కూడా.

నా చోటికి వచ్చి రిసీవరు ఎత్తి నంబరు నొక్కడం మొదలుపెట్టాను, పెట్టేశాను. అలా మధ్యాహ్నం వరకూ. అన్నాల వేళకి అంకుల్ గదికి వెళ్లాను. "సేసినావా?" అని అడిగారు.

"చేసినా అంకుల్. ఎవరూ ఎత్తలేదు," అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందా మాట! ముందే వండి ఉంచినట్టు వచ్చింది. "గొర్రెల కాడికి ఎల్లుంటాడు. సాయంత్రం మళ్లీ సెయ్యి," అన్నారాయన. సాయంత్రం కూడా ఎత్తలేదనే చెప్పాను. గురువారం పెద్దమనుషులు వచ్చారు, చూశారు, తలలూపారు, వెళ్లారు. శుక్రవారం పొద్దున్నే ఆఫీసు తెరవగానే ఫోను చేశాను. రెండో మోగుకే ఆయన భార్య ఎత్తింది. నిన్న మధ్యాహ్నమే వెళ్లిపోయారమ్మా, ఆ కొండల్లో ఫోను పనిచేయదు, ఆదివారానికి వస్తారు అంది.

సోమవారం ఆయన దగ్గరనుంచి ఈమెయిలు వచ్చింది. ఎక్కుతుండగా తుపాకి ఒకసారి బండకి కొట్టుకుందట. మర్నాడు లోయ అవతలి వాలులో దుప్పి కనబడింది. గాలి లేదు, తొందర లేదు. తండ్రే గురిచూసి కాల్చాడు. తూటా వెనక కాలికి తగిలింది. అది పొదల్లోకి పోయింది. నెత్తుటి చుక్కలు పట్టుకుని తండ్రీ కూతుళ్లు సాయంత్రం దాకా, మళ్లీ మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికి దాన్ని చేరుకున్నారు. అప్పటికి కూడా బతికే ఉంది. దగ్గరనుంచి కాల్చి దాని బాధ తీర్చారు. కూతురు ఇక వేటకి రానందని రాశాడు. చివర, శుక్రవారం ఫోను చేసినందుకు థాంక్స్ అని కూడా రాశాడు. ఆ ఒక్క మాట కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

అంకుల్ నా పక్కన నిలబడి తెరమీది ఇంగ్లీషుని కూడబలుక్కుని చదివారు. పూర్తయ్యాక నా తలమీద చెయ్యి పెట్టారు. "నువ్వేటి సేస్తావమ్మా? రెండుసార్లు సేసినావు. ఆడు ఎత్తలేదు. ఏడవకు." నేను ఏడుస్తున్నది ఎందుకో ఆయనకి తెలియదు. ఆయన చెయ్యి నా తలమీద ఉన్నంతసేపూ భూమిలోకి కూరుకుపోతే బాగుండునని అనిపించింది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఆ రైతుకి వేరే స్కోపు పంపించాం. నెల్లాళ్లపాటు అంకుల్ నన్ను రోజూ సాయంత్రం గంటసేపు ఆ ఇనుప దిమ్మ ముందు కూర్చోబెట్టి పరీక్షలు చేయించారు. "మీకు తగిన స్కోపు" పుటని ఇద్దరం కలిసి మళ్లీ రాశాం. ఎంత దూరం అన్నది మొదటి ప్రశ్నగా ఉండేది కదా, దాన్ని కిందికి నెట్టేశాం. మీ తుపాకి ఎలాంటి దారుల్లో వెళుతుంది, ఎన్ని దెబ్బలు తింటుంది అన్నది మొదటి ప్రశ్న అయింది. పెద్దగా చూపించడం గురించి చివర్న ఎక్కడో ఒక్క వాక్యం. దానికంటే గొట్టం మందమెంత, లోపలి స్ప్రింగు గట్టిదేనా, బొత్తాలు తిప్పి వెనక్కి తెస్తే పాత చోటికే వస్తున్నాయా అన్నవి చూసుకోమని రాశాం. కొన్నాక ఇంటి దగ్గర కాల్చి చూసి ఊరుకోవద్దని, ఒకసారి జీపులో తిప్పి తెచ్చి మళ్లీ కాల్చి చూడమని అంకుల్ చెప్పిన మాటని అలాగే పెట్టాం. నేను ఇంతవరకూ రాసినవాటిలో పనికొచ్చే పుట అదొక్కటే అనుకుంటాను.

మరుసటి ఏడాదికి ఇంటర్నెట్ గాలిబుడగ టప్పుమంది. పెద్దమనుషులు ముఖం చాటేశారు, వెబ్‌సైటు పని ఆగిపోయింది, నేను వేరే ఉద్యోగం వెతుక్కున్నాను. ఆసుపత్రి యంత్రాలకి ప్రోగ్రాములు రాసే కంపెనీ. పెళ్లయింది, బాబు పుట్టాడు. అంకుల్ రిటైరయ్యాక కూడా పండగలకీ పబ్బాలకీ ఆంగ్ మో కియోలో ఉన్న వాళ్ల ఫ్లాటుకి వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనుకునేదాన్ని. అంకుల్ భార్య, ఆంటీ పెట్టిన అట్లు తిని, మావాడి అల్లరి గురించి చెప్పి వచ్చేసేదాన్ని. అలా తొమ్మిదేళ్లు.

ఆయన కిడ్నీలు పాడయ్యాయని తెలిసి ఒక ఆదివారం వెళ్లాను. కిటికీ పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని, సగమయిపోయి ఉన్నారు. ఆంటీ వంటింట్లో ఉంది. ఇంక ఆగలేకపోయాను.

"అంకుల్, ఆ బుధవారం నేను ఫోను చేయలేదు. ఒక్కసారి కూడా చేయలేదు. మీకు అబద్ధం చెప్పినా," అన్నాను.

ఆయన నా వైపు చూసి, మళ్లీ కిటికీలోకి చూశారు. ఆ ముఖం నేనెప్పుడూ చూడనిది. నొచ్చుకున్నారు. దాచుకోలేదు కూడా. "నాను నీకు ధైర్యం సెప్పినాను గదమ్మా ఆ దినం," అన్నారు. తిట్టండి అంకుల్ అన్నాను. ఆయన తిట్టలేదు.

"ఆ మనిషికి సెప్పినావా?" అన్నారు.

"ఎవరికి?"

"దుప్పిని కొట్టినాయనకి."

నాకు ఆ ఆలోచనే రాలేదు. తొమ్మిదేళ్లూ నేను అంకుల్‌కి ద్రోహం చేశానని కుమిలిపోయాను గాని, అసలు మనిషి గుర్తే లేడు. "ఇప్పుడెందుకంకుల్? ఆయన ఎప్పుడో మరిచిపోయింటాడు. ఇంత కాలమైనాక చెబితే ఏం లాభం?" అన్నాను, నా పాత కోపం కాస్త తలెత్తి.

అప్పుడు చెప్పారాయన, తోటలో తనకి ఇరవై ఏళ్లప్పుడు జరిగింది. ఆయన తండ్రి ఆ తోట కాపలాదారు. అడవి పందులు లేత రబ్బరు మొక్కల్ని పెకలించేస్తుంటే తోట దొర తన స్కోపు తుపాకి ఇచ్చి కాల్చమనేవాడు. ఒకసారి లారీలోంచి దింపుతూ ఆ తుపాకిని జారవిడిచింది మన అప్పలసామి. పైకి గీత కూడా పడలేదు. దొరకి తెలిస్తే ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పకుండా తుడిచి తెచ్చి తండ్రి చేతికిచ్చారు. గురి తప్పి గాయపడిన పంది వెనక్కి తిరిగి ఆ తండ్రి తొడ చీల్చేసింది. బతికాడు గాని మిగిలిన జీవితమంతా కర్ర పట్టుకునే నడిచాడు.

"నా సూపు పోయింది, ముసిలోణ్నయిపోనాను అని సెప్పుకునేవోడు మా అయ్య అందరికీ. తన కన్నే తప్పనుకున్నాడు. నాను ఇనుకుంటా కూకున్నాను. రేపు సెప్తాను, రేపు సెప్తాను అనుకున్నాను. పన్నెండేళ్లు బతికినాడమ్మా ఆ తరవాత." దుప్పటి సర్దుకున్నారు. "నాకు ఇప్పుడు సెప్పడానికి మనిషి లేడు. నీకున్నాడు గదా. ఉన్నాడేమో సూడు. నంబరుందా?"

"నోటికే వచ్చంకుల్," అన్నాను. ఆ బుధవారం చివరి అంకె తప్ప మిగిలినవన్నీ ఎన్నిసార్లు నొక్కానో. మరిచిపోదామన్నా పోలేదు.

అక్కడే, ఆయన కుర్చీ పక్కనే కూర్చుని చేశాను. ఆయనే ఎత్తాడు, వయసు మీదపడిన గొంతు. పేరు చెప్పాను. మొదట గుర్తుపట్టలేదు. స్కోపు అనగానే పట్టాడు. చెప్పవలసినదంతా చెప్పాను. మీరు బయలుదేరడానికి రెండు రోజుల ముందే మాకు అనుమానం తెలుసని, ఫోను చేయవలసింది నేనేనని, భయపడి చేయలేదని. అవతల ఎక్కడో కుక్క మొరుగుతోంది. అది ఆగిపోయింది. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"ఆ బుధవారం రోజంతా నేను ఇంట్లోనే ఉన్నాను," అన్నాడు చివరికి. "గేటు బాగుచేసుకుంటూ."

అంతే అన్నాడు. క్షమించాననలేదు, తిట్టలేదు. నేను ఆ మాటని తెలుగులో అంకుల్‌కి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని తలూపారు. తర్వాత ఆంటీని పిలిచి నాకు అన్నం పెట్టమన్నారు. ఆ ఏడాది చివర్లో ఆయన పోయారు. ఆయన పాడె ముందు నేను మా నాన్న పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చాను, ఆ సంగతి దాచుకోను.

ఇప్పుడు నా కింద ఎనిమిదిమంది పిల్లలు పనిచేస్తున్నారు. మా ప్రోగ్రాములో ఏదైనా తేడా ఉందేమోనన్న అనుమానం రాగానే నేను ఆ యంత్రమున్న ఆసుపత్రికి ఫోను చేస్తాను. ఇంకా తేలలేదని, అయినా జాగ్రత్తగా ఉండమని చెబుతాను. "ఇంకా కన్ఫర్మ్ కాలేదు కదా, వెయిట్ లా," అంటారు మా పిల్లలు. పైవాళ్లు కూడా ఒకటి రెండుసార్లు పిలిచి మందలించారు. నేను మాత్రం వినిపించుకోను. నంబరు నొక్కి, అవతల మోగుతున్నంతసేపూ నిలబడే ఉంటాను, కూర్చోలేను. ఎవరో ఒకరు ఎత్తి హలో అన్నాకే నాకు ఊపిరి ఆడుతుంది. ఎత్తారంటే, ఆ మనిషి ఇంకా బయలుదేరలేదన్నమాట.